నీ గిన్నె నా దగ్గరే ఉంది

దయామణీ,
నీ ఇత్తడి గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది.
నా పురిటికి మిరియాల చారు పోసి పంపావే,
అంచున సొట్టపడ్డది, అదే.
ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదని
ఏం పోసి పంపుదామా అనుకుంటూ ఉండగానే
మన సంఘం రెండయింది.

చెప్పుకుంటే నవ్వొస్తుంది.
ఓడెక్కి వెళ్ళిపోయిన దొరసాని సామాను వేలంలో
పద్నాలుగు రూపాయలకు కొన్న హార్మోనియం!
దేవుడికి మన గొంతులు చాలవా అని మావాళ్ళు.
గొంతులు శ్రుతిలో ఉంటే కదా అని మీవాళ్ళు.
ఆరు బుధవారాలు ప్రార్థన మాని వాదించారు.
ఏడో బుధవారం గుడి మెట్ల దగ్గర
చెప్పులు రెండు కుప్పలుగా విడిచారు.
నాకప్పుడే తెలిసిపోయింది.

అంతకుముందు గుర్తుందా,
ఆరాధన కాగానే
చింతాద్రిపేట నుంచి వేపేరికి ఒకే జట్కా.
నువ్వూ నేనూ, ఐదుగురు పిల్లలూ,
మీ అత్తగారూ, ఆవిడ తమలపాకుల సంచీ.
మనల్ని చూడగానే గుర్రం నిట్టూర్చేది.
మీ వరండాలో వచనం తప్పులేకుండా ఒప్పజెప్పిన పిల్లకి ఒక జంతిక.
మీ నిరీక్షణం ప్రతి వారం
బైబిలంతా గాలించి అతి పొట్టి వచనమే చెప్పేవాడు.
జంతిక మాత్రం పెద్దది ఏరుకునేవాడు.

ధాత కరువులో
మీ ఇంటి గంజి మా ఇంటికి వచ్చింది,
మా ఇంటి జ్వరం మీ ఇంటికి వచ్చింది.
నా చంటిదాన్ని ఇసుకలో పెట్టి వచ్చిన సాయంత్రం
నువ్వు ఒక్క వాక్యమూ చదవలేదు.
నా జడ విప్పి
చీకటి పడేదాకా చిక్కు తీశావు.

పెద్దలు తీర్మానం చేశారు.
రాసింది మా ఆయనే, దస్తూరీ బాగుంటుందని.
వారితో భుజింపరాదు. వారి గడప తొక్కరాదు.
వీధిలో ఎదురైతే వందనము చెప్పరాదు.
మీ ఇంటి పేర్లు ఆరు కొట్టేశాక
ఏడోది, అప్పుడే పుట్టిన మీ కృపామణి దగ్గర
కలం ఆగి మరక పడిందట.
ఆ రాత్రి అన్నం ముట్టకుండా
వేలికంటిన సిరా రుద్దుకుంటూ కూర్చున్నాడు.

తీర్మానంలో చాకలి మాట లేదు.

వీరాసామికి హార్మోనియం అంటే ఏమిటో తెలీదు.
కూవం ఒడ్డున ఒకే బండ మీద
రెండిళ్ళ బట్టలూ బాదుతాడు.
ఓ శనివారం మా మూటలో మీ నిరీక్షణం చొక్కా వచ్చింది.
రెండు బొత్తాలు లేవు. కుట్టి పంపాను.
పై వారం మా ఆయన కోటు చంక
నాకు చేతకాని సన్నని కుట్టుతో అతుక్కుని వచ్చింది.
ఆదివారం ఆయన చేతులెత్తి ప్రార్థిస్తుంటే
ఆ కుట్టునే చూస్తూ ఆమెన్ అన్నాను.
ఆయనకీ తెలుసేమో,
చెమటకు తడిసిపోతున్నా
ఎండాకాలమంతా ఆ కోటు విప్పలేదు.

అలా మూడేళ్ళు.
మీ పిల్లాడి చొక్కాలు పొడుగవడం చూశాను.
కృపామణి గౌనుకి మామిడి మరక చూసి
పళ్ళు వచ్చాయన్నమాట అనుకున్నాను.
ఈ నెల,
వీరాసామి గాడిద మీద మూట విప్పించి మరీ వెతికాను,
మీ అత్తగారి అంచులేని తెల్లచీర లేదు.
"పెద్దమ్మ చీర ఏదయ్యా" అంటే
వాడు తలపాగా తీసి
చేతిలో పట్టుకున్నాడు.

ఎవరూ కబురు పెట్టలేదు దయామణీ.
పెట్టకూడదు కదా.
నేను ఏడిస్తే ఎవరి కోసమని చెప్పను?
వంటింట్లో కూర్చుని
చింతపండుతో నీ గిన్నె తోమాను.
సొట్టలోని నలుపు పోలేదు.
మిరియాలు దంచాను. చారు కాచాను.
మూటలో పెడితే ఒలుకుతుందే,
మరెలా పంపడం అని
అటూ ఇటూ చూస్తుంటే

వాకిట్లో మాటలు.
మా ఆయన,
ఈ వైశాఖపు ఎండలో ఆ కోటు తొడుక్కుని,
జట్కావాడితో బేరమాడుతున్నాడు,
వేపేరికి ఎంతని.